మాక్ డ్రిల్‌లో తేలిన లోపాలను ఎప్పుడు సరిచేస్తారు? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అంటువ్యాధుల మాక్ డ్రిల్స్ విషయమై ఇదివరకు మూడు వినతిపత్రాలు పంపాను. ఒక్కదానికీ జవాబు రానందున ఈ లేఖ అందరి ఎదుటా రాయవలసి వచ్చింది.

నేను స్టాఫ్ నర్సును. మా ఆసుపత్రిలో గతసారి జరిగిన డ్రిల్ తేదీ, వేళ మాకు వారం ముందే తెలుసు. ఆ ఉదయం అదనపు సిబ్బందిని వేశారు, పరికరాలన్నీ తుడిచి సిద్ధం చేశారు. అయినా, ఊపిరాడని రోగిగా నటించిన వ్యక్తిని ఐసొలేషన్ వార్డుకు ఏ దారిన చేర్చాలో ఎవరికీ తెలియక, ఓపీ ముందు బారులు తీరిన రోగుల మధ్య నుంచే తీసుకుపోయాం. పీపీఈ కిట్ తొడుక్కోవడం అందరికీ వచ్చు, కానీ ఒంటికి అంటకుండా విప్పడం చాలామందికి రాలేదు. అసలు ప్రమాదమంతా విప్పేటప్పుడే. నమూనాలతో పంపే ఫారం మీది ల్యాబ్ ఫోన్ నంబరు పనిచేయలేదు. పరిశీలకులు ఇవన్నీ రాసుకుని వెళ్లారు. ఆ నివేదిక మాకు ఇంతవరకు చూపలేదు, ఆ నంబరు నేటికీ మారలేదు.

తప్పులు దొర్లాయని నా బాధ కాదండీ, అవి బయటపడటానికే అభ్యాసం. బయటపడిన తరువాత కూడా అవి అలాగే ఉండిపోవడమే నా బాధ. బ్రిటన్ 2016 అక్టోబరులో ‘ఎక్సర్‌సైజ్ సిగ్నస్’ పేరుతో ఫ్లూ మహమ్మారిపై మూడు రోజుల అభ్యాసం జరిపింది. తీవ్రమైన మహమ్మారి వస్తే తమ సన్నద్ధత చాలదని ఆ అభ్యాసంపై రాసిన నివేదికే తేల్చింది. ప్రభుత్వం దానిని అధికారికంగా ప్రచురించే నాటికి 2020 అక్టోబరు వచ్చింది, కోవిడ్ కూడా వచ్చేసింది.

డబ్బు సమస్య అంటారేమో. అధికారులు, వైద్యులు, ల్యాబ్ వారు ఒక బల్ల చుట్టూ కూర్చుని ‘ఈ రాత్రి ఇరవై మంది ఇవే లక్షణాలతో వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి’ అని మాట్లాడుకునే టేబుల్‌టాప్ అభ్యాసానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిని అలాంటి చర్చల నుంచి క్షేత్రస్థాయి అభ్యాసం దాకా అన్ని రకాలనూ వివరించింది.

దయచేసి మా ఆసుపత్రి డ్రిల్ నివేదికను అందులో పాల్గొన్న మా ముందు చదివించండి. ఒక్కో లోపాన్నీ ఎవరు, ఏ తేదీలోపు సరిచేయాలో రాతపూర్వకంగా ఆదేశించండి. ముందుగా చెప్పకుండా, సిబ్బంది తక్కువగా ఉండే రాత్రివేళ ఒక్కసారైనా డ్రిల్ పెట్టించండి. ముందుగా ఆ నివేదిక, మంత్రి గారూ, ముందుగా ఆ నివేదిక.

మా వార్డులోని ఫారాల మీద పాత నంబరు కొట్టేసి, నేను కనుక్కున్న నంబరును పెన్నుతో రాసి పెట్టాను. తక్కిన వార్డుల్లో ఇంకా పాతదే ఉంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు