మావా, ఆదివారం తెల్లారేసరికి ఫోన్లన్నీ మారిపోయాయి

గుంటూరు,
బుధవారం, మధ్యాహ్నం

రేయ్ మావా,

సంక్రాంతికి రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ "ఎలా ఉన్నావు" దాటకముందే ఎవరో ఒకరు పిలిచారు. అమ్మ కులాసా, మోకాళ్ల నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. పాపని ఎల్‌కేజీలో వేశాం. ఇల్లు ఇంకా మారలేదు. నీకు పంపుతానన్న గోంగూర పచ్చడి ఈ నెల్లో పంపుతాను, ఒట్టు. ఇక అసలు సంగతి.

మా ఆసుపత్రి ఫోన్లు మార్చేశాం రా! మొత్తం, 140 ఎక్స్‌టెన్షన్లు. శనివారం రాత్రి 11కి మొదలుపెట్టి ఆదివారం తెల్లారేసరికి పూర్తి చేశాం. అప్పట్నుంచి ఎవరు దొరికితే వాళ్లకి చెబుతున్నాను. నిన్న రాత్రి మా ఆవిడ "ఇదంతా మీ ఫ్రెండుకి రాయండి, నేను పడుకోవాలి" అంది. సరే, నువ్వు దొరికావు.

మొదట్నుంచీ చెప్తా. మా పాత ఈపీఏబీఎక్స్‌కి, అదే ఆసుపత్రి ఫోన్లన్నిటినీ కలిపే మెషీనుకి, ఇరవై ఏళ్లు. కార్డు పోతే మార్చడానికి కార్డు దొరకదు. బయటి లైన్లు 8. నరసరావుపేటలో, సత్తెనపల్లిలో మా క్లినిక్కులున్నాయి కదా, వాటితో మాట్లాడాలన్నా ఆ ఎనిమిదిలో ఒకటి ఖర్చు. డాక్టర్లు సొంత మొబైళ్లలో మాట్లాడుకుంటారు, రిపోర్టులు వాట్సాప్‌లో తిరుగుతాయి. టేబుల్ మీద ఫోను, డాక్టరు జేబులో యాప్, క్లినిక్కులు, చాటింగు, కాన్ఫరెన్సు కాల్స్, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ నంబరు మీదకి రావాలన్నది మా పని. అమ్మేవాళ్లు వచ్చారు. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "ఎన్ని ఫోన్లు కావాలి సార్?" నేను పెద్ద డాక్టరు గారి దగ్గరికెళ్లి "మూడు వారాలు ఏమీ కొనొద్దండీ, ముందు నన్ను తిరగనివ్వండి" అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి సరేనన్నారు. ఆ మాటకి ఆయనకి దణ్ణం పెట్టాలి.

మొదటి మూడు రోజులూ ఆపరేటర్ అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఆ మెషీను కంటే పాత మనిషి. ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన రిజిస్టరు ఒకటి ఉంది మావా, నాకు కళ్లు తిరిగాయి. పేర్ల పక్కన ఎర్ర గీత ఉంటే ఆ డాక్టరు రాత్రి మొబైల్ సైలెంట్‌లో పెట్టుకుంటారని. అప్పుడు ఇంటి ల్యాండ్‌లైనుకి చెయ్యాలి. రెండు గీతలుంటే కింద మందుల షాపు కుర్రాడికి ఫోన్ చేసి పైకి పంపాలి. మత్తు డాక్టరు ఎత్తకపోతే తర్వాత ఎవరు, ఆయనా లేకపోతే ఎవరు, అంతా అందులో ఉంది. అందులో లేనిది ఆవిడ బుర్రలో ఉంది. ఏ కొటేషన్లోనూ ఈ రిజిస్టరుకి ఒక లైను కూడా లేదు! నేను పేజీ పేజీ టైపు చేశాను. ఇప్పుడు క్యాజువాలిటీ సిస్టరు ఒక బటన్ నొక్కితే ఆ వరస ప్రకారమే సిస్టమ్ ఒకరి తర్వాత ఒకరికి మోగిస్తుంది. అక్క దగ్గర కూర్చుని వరస సరిచూసుకుంటే నాలుగు తప్పులు పట్టింది.

తర్వాత అంతస్తు అంతస్తూ తిరిగాను. ఎత్తగానే నేరుగా ఐసీయూలో మోగే ఎర్ర ఫోను ఒకటి క్యాజువాలిటీలో ఉంది. లిఫ్టులో ఫోను ఉందని మెయింటెనెన్స్ వాళ్లకే గుర్తులేదు. ఇన్సూరెన్సు డెస్కులో ఫ్యాక్సు మెషీను ఇంకా వాడుతున్నారు. ఇవన్నీ పాత రకం ఫోన్లు, కంప్యూటర్ నెట్‌వర్కు మీద నడిచే కొత్త ఐపీ లైనుకి నేరుగా తగిలిస్తే పనిచేయవు, మధ్యలో అడాప్టరు ఉండాలి. తిరక్కపోతే ఇవి దొరికేవా?

ఇప్పుడు నీకు నచ్చే భాగం. పెరుగు కౌంటరు!

థర్డ్ ఇయర్‌లో ఎర్లాంగ్ ఫార్ములా, అదే ఇన్ని లైన్లుంటే ఎంతమందికి ఎంగేజ్ వస్తుందో చెప్పే లెక్క, చెప్పిన రోజు నువ్వేం అన్నావో గుర్తుందా? "మెస్సులో పెరుగు కౌంటర్లు రెండు, తినేవాళ్లం మూడొందల మంది, ఎంతమంది పెరుగు లేకుండా లేస్తారో ఇది చెప్తుందా సార్?" సార్ నవ్వకుండా "చెప్తుంది" అన్నారు. చెప్తుంది మావా. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆ ఎర్లాంగ్ 1917లో రాసిన ఫార్ములా మొన్న గుంటూరులో నా నోట్‌బుక్కులో కూర్చుంది. లైన్ ఇచ్చే కంపెనీని బతిమాలి, ఎంగేజ్ వచ్చి వెనక్కి పోయిన కాల్స్‌తో సహా లెక్క తెప్పించాను. మా రిజిస్టరులో ఎత్తినవే ఉంటాయి, దొరకనివాళ్లు ఎక్కడా ఉండరు కదా. పొద్దున 10 నుంచి 11 దాకా 200 కాల్స్. ఒక్కోటి సగటున 3 నిమిషాలు. అంటే 600 నిమిషాలు, గంటకి భాగిస్తే 10 ఎర్లాంగులు, అదే సగటున ఒకేసారి 10 కాల్స్. లైన్లు 8. ఫార్ములాలో వేస్తే ఎంత వచ్చిందో తెలుసా? 34 శాతం. ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకరికి ఎంగేజ్. నూటికి ఒకరి కంటే ఎక్కువ మంది వెనక్కి పోకూడదంటే 18 లైన్లుండాలి.

ఆ అంకె చూసి కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. నాన్న విషయంలో ఆ రాత్రి నువ్వు రీడయల్ నొక్కుతూనే ఉన్నావు, నేనేమో మెట్ల మీద... సర్లే. దాని గురించి ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడదాం.

20 ఛానెళ్ల సిప్ ట్రంక్ తీసుకున్నాం, అదే నెట్‌వర్కు మీద ఒకేసారి 20 బయటి కాల్స్ నడిచే కనెక్షన్. పాత రాగి లైన్లు నాలుగు మాత్రం తీయనివ్వలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి, మా పాత నంబరు. పల్నాడు పల్లెల్లో గోడల మీద, ఆటోల వెనక, ఫైళ్ల అట్టల మీద అదే ఉంది. మొబైల్ నంబరైతే 2011 నుంచి ఏ కంపెనీకైనా పట్టుకుపోవచ్చు, ల్యాండ్‌లైనుకి ఆ సౌకర్యం లేదు. ఇది తెలియక పాత కనెక్షన్ రద్దు చేసి ఉంటే ఆ గోడలన్నీ అబద్ధాలైపోయేవి. ఆ లైన్లని గేట్‌వే అనే పెట్టెలో పెట్టి కొత్త సిస్టమ్‌లోకి లాగాం. రెండో కారణం కరెంటు. అది తర్వాత చెప్తా.

ముందు మూడో అంతస్తులో 12 ఫోన్లు పెట్టి రెండు వారాలు నడిపాం. మొదటి రోజు అమృతంలా ఉంది మాట. రెండో రోజు 11 గంటలకి సిస్టర్లు గొల్లుమన్నారు, మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని. సాయంత్రం బాగుంటుంది, మళ్లీ మర్నాడు 11కి అదే. ఒక కాల్‌కి మహా అయితే 87 కిలోబిట్లు, 20 కాల్స్‌కి రెండు మెగాబిట్లు కూడా కాదు. మా లైను 100 మెగాబిట్లు! రెండు రోజులు నిద్రపట్టలేదు. చివరికి రేడియాలజీ టెక్నీషియన్ టీ తాగుతూ "11కి మేం పొద్దుటి సీటీ స్కాన్లన్నీ ఐసీయూకి, సర్జన్లకి తోస్తామండీ" అన్నాడు. స్కాన్‌లో ఒక్క బొమ్మ, అదే స్లైసు, అర మెగాబైటు. ఒక్కో పేషెంటుకి వందల స్లైసులు. మాట ఏమో 20 మిల్లీసెకన్లకొక చిన్న ప్యాకెట్టు, సెకనుకి 50, ఒక్కోటి 200 బైట్లు. ఆ స్కాన్ల గుంపు నెట్‌వర్కు కేబుళ్లన్నీ కలిసే పెట్టె, అదే స్విచ్, దగ్గర తోసుకుంటూ నిలబడితే ఈ చిన్న ప్యాకెట్లు వెనక ఇరుక్కుపోతున్నాయి. ఆలస్యమైన మాట ప్యాకెట్టు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఇటు నుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటేనే మాట సాఫీగా ఉంటుంది.

ఫోన్లకి వేరే వీలాన్, అదే అదే నెట్‌వర్కులో విడిగా ఒక దారి, పెట్టి, మాట ప్యాకెట్లకి 46 అనే గుర్తు వేసి, ప్రతి స్విచ్‌లోనూ ఆ గుర్తున్నవాటిని ముందు పంపమని రాశాం. తిరుమలలో చంటిపిల్లల తల్లులకి వేరే క్యూ ఉన్నట్టు. మర్నాడు 11కి నేను మూడో అంతస్తులో ఫోను చెవిన పెట్టుకుని నిలబడ్డాను, కింద స్కాన్లు తోస్తున్నారు. ఒక్క అక్షరం తెగలేదు మావా. ఎర్ర గొడుగు దొరికిన రోజు ఎలా అరిచామో అలా అరిచాను. సిస్టరు నోరుముయ్యమంది.

నరసరావుపేట క్లినిక్కుది ఇంకో రకం తలనొప్పి. వాళ్ల మాట మాకు వినిపిస్తుంది, మా మాట వాళ్లకి వినపడదు. అక్కడి రౌటరు సాయం చేస్తున్నాననుకుని కాల్ కలిపే సిప్ మెసేజుల్లో అడ్రసులు మార్చేస్తోంది. ఆ సౌకర్యం ఆపేస్తే పోయింది. విదేశీ కాల్స్, అదే ఐఎస్‌డీ, రెండు ఫోన్లకి తప్ప అన్నిటికీ మూసేశాం. పాస్‌వర్డులు కూడా... అది పెద్ద కథ, వదిలెయ్.

కరెంటు అన్నాను కదా. పాత ల్యాండ్‌లైనుకి ఎక్స్‌ఛేంజ్ బ్యాటరీల నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా అది మోగేది. ఈ కొత్త ఫోన్లకి కరెంటు నెట్‌వర్కు కేబుల్లోనే స్విచ్ నుంచి వస్తుంది, స్విచ్ ఆగితే ఫోన్లన్నీ ఆగుతాయి. "మనకి జనరేటరు 12 సెకన్లలో అందుకుంటుంది, భయం లేదు" అన్నారందరూ. నేను ఒప్పుకోలేదు. పర్మిషన్ తీసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం మెయిన్ ఆఫ్ చేయించాను. లైట్లు 12 సెకన్లలో వచ్చాయి. మరి ఫోన్లు? స్విచ్ మళ్లీ లేవడానికి 3 నిమిషాలు, ఫోన్లు లేచి సర్వరుని పట్టుకోవడానికి ఇంకో నిమిషం. 12 సెకన్ల కోతకి ఆసుపత్రి నాలుగు నిమిషాలు మూగబోయింది! చూస్తే ప్రతి అంతస్తులో స్విచ్‌ని మామూలు ప్లగ్గుకి తగిలించారు. అన్నిటికీ యూపీఎస్‌లు పెట్టించాను. క్యాజువాలిటీలో ఒక పాత రాగి ఫోను అలాగే గోడకి ఉంచాను, ఏ స్విచ్‌తోనూ సంబంధం లేకుండా.

ఇంక శనివారం రాత్రి. సిస్టర్లకి షిఫ్టు షిఫ్టుకీ 20 నిమిషాల చొప్పున ముందే నేర్పాం, నైట్ డ్యూటీ వాళ్లకి రాత్రి 9కి వెళ్లి మరీ. పాత మెషీను ఆపలేదు, 15 రోజులు అలాగే వెలుగుతూ ఉండాలని చీటీ అంటించాను. తెల్లవారుజామున 4 లోపు కుదరకపోతే వెనక్కి మారిపోవాలని కాగితం మీద రాసి పెద్ద డాక్టరు గారితో సంతకం పెట్టించాను. పరీక్షించాల్సినవి 62. ఒక్కోటి చేసి టిక్కు పెడుతున్నాం. 1:40కి 61 అయ్యాయి. లిఫ్టు ఫోను ఒక్కటే మోగదు. నేను లిఫ్టులో, కుర్రాడు షాఫ్టు పైన. తీగ జాయింటు ఊడింది, అంతే.

2:25కి, మావా, బయటి నుంచి మొదటి నిజమైన కాల్. గోడ మీది పాత నంబరుకే. అక్క నా వంక చూసింది. నేను తల ఊపాను. సత్తెనపల్లి అవతల పల్లె నుంచి, పొలానికి నీళ్లు పెట్టడానికెళ్లిన కుర్రాడిని పాము కరిచిందట. విరుగుడు మందు మీ దగ్గర ఉందా, రమ్మంటారా అని అడుగుతున్నారు. మామూలుగా అయితే అక్క "ఉండండి, కనుక్కుంటాను" అని ఆ లైను పక్కన పెట్టి, ఫార్మసీకి చేసి, మళ్లీ డాక్టరుకి చేసి... ఆలోగా వాళ్లు పెట్టేసేవాళ్లు. మొన్న ఆవిడ నేను నేర్పినట్టే రెండు బటన్లు నొక్కింది. క్యాజువాలిటీ డాక్టరు, ఫార్మసీ కుర్రాడు, ఆ పల్లె మనిషి, ముగ్గురూ ఒకే కాల్లో. "వయల్స్ ఉన్నాయి సార్" అని ఫార్మసీ కుర్రాడు, "కట్టు బిగించొద్దు, కాలు కదపొద్దు, 108 ఎక్కించి తెచ్చేయండి" అని డాక్టరు. అక్క చెయ్యి వణుకుతోంది, గొంతు మాత్రం వణకలేదు. నేను గోడకి ఆనుకుని అలా చూస్తూ ఉండిపోయాను. కాల్ ఎంతసేపో తర్వాత లాగ్‌లో చూశాను, 1 నిమిషం 50 సెకన్లు.

ఆ కుర్రాడు రెండో అంతస్తులో ఉన్నాడు. పొద్దున వెళ్లి చూశాను. కాలు వాపు తగ్గింది, శుక్రవారం పంపిస్తారట. నేనెవరో వాడికి తెలియదు. వాళ్లమ్మ అరటిపండు పెట్టింది, తిన్నాను.

అక్క నిన్న ఆ పాత రిజిస్టరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి "ఇక నువ్వే ఉంచు బాబూ" అంది. నేను తీసుకోలేదు. ఆవిడ పక్కనే ఉండాలది. ఎందుకంటే డాక్టర్లు మారినప్పుడల్లా ఆ వరస మళ్లీ

అదిగో, కింద నుంచి కేక. ఈ బుధవారం నుంచి వారానికోసారి మెయిన్ ఆపి చూడాలని నేనే పెట్టించాను, 4 గంటలకి. యూపీఎస్‌ల దగ్గర నేనే నిలబడాలి. నీ ఉద్యోగం సంగతి, వదిన చెకప్ సంగతి అడగనే లేదు, వెంటనే రాయి. వచ్చే నెల వస్తే టికెట్ తేదీ

పిలుస్తున్నారు రా.

నీ
14వ నంబరు రూమ్మేటు