2024–25 వార్షిక నివేదిక
(బడిపిల్లలకు చరిత్ర పోటీ నడిపే మన సంఘం తరఫున, కందుకూరులో జరిగిన సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఇంత ఎండలో పడి వచ్చిన సభ్యులకు నమస్కారం. రాని సభ్యులకూ నమస్కారమే. నివేదికను రాత్రికి వాట్సాప్ గ్రూపులో పెడతాం, అక్కడైనా తెరిచి చూడండి.

సంఘం ఉద్దేశాలు మీకు తెలిసినవే కాబట్టి ఆ పేజీ ఈసారి తీసేశాను. ఏడాదిలో కార్యవర్గం ఏడుసార్లు సమావేశమైంది. అందులో రెండుసార్లు కోరం లేక టీ తాగి లేచాం. ఆగస్టు 23న ప్రకాశం పంతులు గారి జయంతి, డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారి వర్ధంతి యథాప్రకారం జరిపాం. వర్ధంతి సభలో ఒక వక్త అమరజీవి 56 రోజులు దీక్ష చేశారని చెబుతుంటే, వెనక వరసలోంచి తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58 సార్" అన్నాడు. 1952 అక్టోబరు 19 నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడట. వాడు మన చరిత్ర పోటీలో ఉన్నవాడే. ఈ ఏడు మనం గట్టిగా చేసిన పని ఆ పోటీ ఒక్కటే కాబట్టి నేరుగా అక్కడికే వస్తాను.

దానికి ముందు ఒక మాట. పోయినేడు కృతజ్ఞతలు రెండు పేజీలు రాసి, ఒక్క పేరు మర్చిపోయినందుకు నేను పడ్డ మాటలు మీలో చాలామంది విన్నారు. అందుకని ఈసారి నివేదికలో పేర్లు లేవు. పని చెబుతాను. చేసినవాళ్లకు తెలుసు, చెయ్యనివాళ్లకూ తెలుసు.

నాలుగేళ్లుగా మనం నడిపింది క్విజ్. పిల్లలు గైడు బట్టీపట్టి వచ్చేవాళ్లు, గంట కొట్టేవాళ్లు, మనం స్టీలు గిన్నెలు ఇచ్చి పంపేవాళ్లం. పోయినేడు మొదటి బహుమతి తీసుకున్న అబ్బాయిని పక్కకు పిలిచి, "సైమన్ కమిషన్ అంటే ఏంది నాయనా?" అని అడిగాను. "1928 సార్" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి గానీ, భోజనం మాత్రం సరిగ్గా సయించలేదు.

దారి చూపించింది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉండే మన సభ్యుడి కూతురు. ఆ రాష్ట్రంలోనే క్లీవ్‌లాండ్‌లో 1974లో వాన్ టాసెల్ అనే ప్రొఫెసరు పిల్లల కోసం చరిత్ర పోటీ మొదలుపెట్టాడట. ఇప్పుడది నేషనల్ హిస్టరీ డే పేరుతో దేశమంతా నడుస్తోంది. పిల్లలే ఒక విషయం ఎంచుకుని వ్యాసమో, ప్రదర్శనో, నాటకమో, డాక్యుమెంటరీయో చెయ్యాలి. ఎక్కడ చదివారో, ఎవర్ని అడిగారో, అది తమకెట్లా పనికొచ్చిందో జాబితా రాసివ్వాలి. ఆ అమ్మాయి అక్కడ జడ్జీగా కూర్చుంటుంది, జీతం లేదు. "ఇక్కడా వస్తామని రానివాళ్లు ఉంటారంకుల్" అని చెబితే ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆ జాబితాను మనం "ఎట్లా తెలుసు" పుస్తకం చేశాం. నలభై పేజీల నోటుబుక్కు, జట్టుకొకటి. ప్రతి మాటకూ ఎదురు పేజీలో ఎవరు చెప్పారో, ఎక్కడ చూశారో రాయాలి. మార్కుల్లో సగం దానికే. ఇది మన వైపు చాలా అవసరం. ఏ గుడిని అడిగినా రాయలవారే కట్టించారంటారు, ఏ గుట్ట మీద బండ చూపించినా పాండవులు కూర్చున్నదే. 1514లో రాయలు ఉదయగిరి కోట గెలిచిన మాట నిజమే. అంతమాత్రాన దారిపొడవునా ఉన్న గుళ్లన్నీ ఆయనే కట్టించాడా?

అక్టోబరు మధ్యలో పెట్టిన శిక్షణ తరగతి వాయుగుండం వానలకు ఆగిపోయి, దీపావళి తర్వాత జరిగింది. పది మంది సోషల్ టీచర్లను పిలిస్తే నలుగురు వచ్చారు. ఆ నలుగురే ఫిబ్రవరి దాకా బండి లాగారు. పదో తరగతి పిల్లల్ని ఇవ్వబోమని హెడ్‌మాస్టర్లు ముందే చెప్పేశారు, వాళ్ల పరీక్షల బాధ వాళ్లది. ఎనిమిది, తొమ్మిది వాళ్లతోనే చేశాం. ఒక మేడమ్ గారైతే బస్సు లేని ఊరి నుంచి పిల్లల్ని తన స్కూటీ మీద ఇద్దరిద్దరి చొప్పున మూడు ట్రిప్పులు కొట్టి తెచ్చారు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. కోశాధికారి రెండోసారి అడగలేదు కూడా.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడూ తాలూకాల వారీగా ఉంటాయి. రిటైరైన తెలుగు పండితులొకరు అందులో కందుకూరు తాలూకా భాగాన్ని సొంత ఖర్చుతో జెరాక్స్ తీయించి, ఊళ్ల పేర్లు తెలుగులో రాసి, బడికొక కట్ట పంచారు. మీ ఊరి పేరు ఇందులో ఉందా, ఉంటే ఆ శాసనం చెక్కిన రాయి ఇప్పుడు ఎక్కడుందో చూసి రండి, అన్నారు.

ఒక ఊళ్లో ముగ్గురు ఆడపిల్లలకు ఆ రాయి చెరువు తూము పక్కన దొరికింది. సగం మట్టిలో ఉంది, మెడకు బర్రె పలుపు కట్టి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నాయి, ఆ ఇద్దరూ ఉన్నంతకాలం దానం చెల్లుతుందని. కబురందగానే పండితులు గారు, నేను, మన సభ్యుడొకరు ఆటోలో వెళ్లాం. ఒక పిల్ల అప్పటికే ఇంట్లోంచి ముగ్గుపిండి తెచ్చింది, పూస్తే అక్షరాలు తేలతాయని. పండితులు గారు వద్దన్నారు. తడి కొబ్బరి పీచుతో మెల్లగా తుడిచి, "చీకటి పడనియ్యండి" అని గట్టు మీద కూర్చున్నారు. చీకటి పడ్డాక సెల్‌ఫోను లైటు ఎదురుగా వేస్తే ఒట్టి బండ. అదే లైటును రాతికి ఆనించినట్టు పక్కనుంచి పడేలా పట్టుకుంటే గీతగీతకూ నీడ లేచింది. పిల్లలు వేలితో గాలిలో దిద్దుకుంటూ "స్వస్తి శ్రీ" చదివారు. తర్వాత "శక" అన్న రెండక్షరాలు పట్టారు. మిగతా తలకట్లు ఇప్పటివాటిలా లేవు, అక్కడ జెరాక్స్ కాగితం సాయం కావాల్సి వచ్చింది. శక సంవత్సరానికి 78 కలిపితే మనం ఇప్పుడు వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని చెప్పగానే ఓ పిల్ల మోకాలి మీద కాగితం పెట్టి కూడిక మొదలుపెట్టింది. ఈలోపు బర్రె యజమాని వచ్చి, "ఏందమ్మే, లంకెబిందెలేమన్నా ఉండాయా?" అని అడిగాడు.

ఆ మాట తమాషాగా అన్నాడో నిజంగానే అన్నాడో గానీ ఊళ్లో రెండ్రోజులు అదే గుసగుస. ఎవరైనా గడ్డపార పట్టుకొస్తారేమోనని పండితులు గారు మళ్లీ వెళ్లి, రచ్చబండ దగ్గర కూర్చుని, అది చెరువుకో గుడికో ఇచ్చిన భూమి లెక్క తప్ప నిధి కాదని నచ్చజెప్పి వచ్చారు. బర్రె గుంజ మారింది. రాయిని లేవనెత్తి నిలబెట్టించమని సంబంధిత శాఖకు రెండు ఉత్తరాలు పెట్టాం. రసీదు వచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు.

ఆఫీసుల మాట వచ్చింది కాబట్టి పోటీకి కావాల్సిన అనుమతుల సంగతీ చెప్పేస్తాను. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు నెల్లూరు నుంచి అటు పోయింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో తిరిగి నెల్లూరుకు వచ్చాం. మా నాయన నెల్లూరు జిల్లాలో పుట్టాడు, నేను ప్రకాశంలో, నా మనవరాలు మళ్లీ నెల్లూరులో. ముగ్గురం పుట్టింది ఒకే వీధిలో. మన పాత ఫైలు ఇంకోచోట ఉందని ఒక ఆఫీసులో అన్నారు. అక్కడికి పోతే "మీ ఊరు ఇప్పుడు మాది కాదు గదండీ" అన్నారు. ఆరుసార్లు తిరిగాక నోటిమాటగా కానివ్వమన్నారు. అయితే ఈ తిరుగుడు ఊరికే పోలేదు. ఒక జట్టు దాన్నే ప్రాజెక్టుగా తీసుకుని పాత కార్డులు, కవర్లు, పట్టాదారు పుస్తకాలు ఇల్లిల్లూ అడిగి తెచ్చి, ఒకే ఇంటి చిరునామాలో జిల్లా పేరు ఎట్లా మారిందో అట్ట మీద వరసగా అంటించింది. రెండో బహుమతి వాళ్లదే.

ఫైనల్ ఫిబ్రవరి 9, ఆదివారం. 23 జట్లు. గుడ్లూరు వైపు పిల్లలు ఎర్రాప్రగడ మీద, తీరం వైపు వాళ్లు బకింగ్‌హాం కాలువ మీద చేశారు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి చూపించిన సంగతి నేను ఆ అట్ట మీదే మొదటిసారి చదివాను. ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి పది గంటలకన్నారు, పన్నెండూ నలభైకి వచ్చారు. ఫోటో దిగి, తమ చిన్నప్పటి చదువు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ఒక్క అట్టా చూడకుండా వెళ్లిపోయారు. ఒప్పుకున్న ఆరుగురు జడ్జీల్లో ఇద్దరు ఫోన్లు కట్టేశారు. ప్రేక్షకుల్లో కూర్చున్న రిటైర్డ్ పోస్టుమాస్టరు గారిని, పక్క కాలేజీ లెక్చరరు గారిని అప్పటికప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. చెప్పుకోవాలంటే వాళ్లే బాగా ప్రశ్నలు అడిగారు.

మొదటి బహుమతి సారా వ్యతిరేక ఉద్యమం మీద చేసిన ఇద్దరు ఆడపిల్లలకు. అట్ట పక్కన పాత రాతి పలక ఒకటి పెట్టారు, వాళ్ల అవ్వ రాత్రిబడిలో దిద్దినదట. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు లేవడం, సారా దుకాణాల వేలంపాటల్ని అడ్డుకోవడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, అన్నీ వరసగా ఉన్నాయి. పోస్టుమాస్టరు గారు "అంటే సారా ఆగింది 93లో, అంతేనా?" అని అడిగారు. పిల్లలు జవాబు చెప్పేలోపే వెనక క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అవ్వ లేచింది. ఆమె పుట్టిల్లు కలిగిరి వైపు, దూబగుంట ఉన్నదీ అటే. "గవుర్మెంటు ఆపింది అప్పుడు సామీ. మా ఊళ్లో మేం ముందు యేడే ఆపినాం. అంగడికి తాళం ఏసింది మా పిన్నమ్మ. రాసుకోండి" అంది. ఆయన నిజంగానే రాసుకున్నారు. ఆమె అంతటితో కూర్చోలేదు. అట్ట దగ్గరికొచ్చి మనవరాలిని అడిగింది: "ఇందులో నా పేరు యాడుండాదే?"

ఎక్కడా లేదు. "మా అవ్వ" అని ఉంది. పిల్ల స్కెచ్ పెన్ను తీసి అప్పటికప్పుడు అవ్వ పేరు, కింద ఆమె పిన్నమ్మ పేరు రాసింది. జాగా లేక రెండోది పక్కకు వంగిపోయింది.

లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు, ఆడిటరు సంతకం అయింది. చందాలు సగం వసూలయ్యాయి. మైకు సెట్టు బాకీ తీర్చాం, హాలు అద్దె దాత ఒకరు కట్టారు, చేతిలో కొంచెం మిగిలింది. ప్రశ్నలుంటే భోజనాల తర్వాత అడగండి.

స్వచ్ఛంద సేవకుల విషయం. పోటీకి ముందు గ్రూపులో 34 మంది బొటనవేలు పెట్టారు. వచ్చింది తొమ్మిది మంది. అందులో ఇద్దరు టిఫిన్ల తర్వాత మళ్లీ కనిపించలేదు. మిగిలిన ఏడుగురు బల్లలు మోశారు, పిల్లలకు నీళ్లు ఇచ్చారు, బాత్రూములు కడిగించారు, రాత్రి ఎనిమిదింటికి ఆఖరి జట్టును ఊళ్లో దించి వచ్చారు. బేకరీ నడిపే మన సభ్యుడు రెండొందల బన్నులు పంపి, బిల్లు పంపలేదు. అందరికీ సంఘం తరఫున ధన్యవాదాలు.

మన నలుగురు టీచర్లలో ఇద్దరు బదిలీల్లో వెళ్లిపోయారు. వచ్చే పోటీకి కొత్తవాళ్లను వెతకాలి. సోషల్ సబ్జెక్టే కానక్కర్లేదు, ఆదివారం ఇవ్వగలిగితే చాలు. పండితులు గారి మోకాళ్లు ఆటో ఎక్కనివ్వడం లేదు, కారున్న సభ్యులు ఆలోచించండి. జట్ల నమోదు దసరా సెలవులకు ముందే ముగిస్తాం. క్విజ్ మళ్లీ పెట్టమని కొందరు సభ్యులు ఇచ్చిన వినతిపత్రం ఎజెండాలో ఐదో అంశంగా ఉంది. నేను వ్యతిరేకంగా ఓటేస్తాను, ముందే చెబుతున్నాను.

పేర్లు రాయనన్నాను గానీ, ఆ అవ్వ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. పనిచేసినవాళ్ల పేర్లన్నీ ఒక చార్టు మీద రాయించి గుమ్మం పక్కన అంటించాం. మీ పేరు లేకపోతే మీరే రాసుకోండి. పెన్ను దారానికి కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు.

ఇట్లు,
కార్యదర్శి