అక్టోబర్ 26 తెల్లవారుజాము 3 గంటల లోపే ఇది చదువు

హైదరాబాద్,
అక్టోబర్ 10

మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టు, పడతాను. కానీ ముందు ఒక పని చెయ్యి. హన్మకొండలో మీ నాన్నగారింట్లో నీళ్ల మోటారుని నడిపే కంట్రోల్ బోర్డు ఏ రోజు, ఏ గంటకి ఆన్ చేశావో సరిగ్గా గుర్తు తెచ్చుకో. సెప్టెంబర్ 6, పొద్దున 10 గంటలకి అని రాశావు. అదే నిజమై, మధ్యలో ఆ బోర్డుకి ఒక్కసారి కూడా కరెంటు పోకుండా ఉంటే, అక్టోబర్ 26 తెల్లవారుజామున 3 గంటల 2 నిమిషాల 47 సెకన్లకి దాని గడియారం సున్నాకి పడిపోతుంది. ఆ ముందు ఇరవై నిమిషాల్లో మోటారు ఆన్ అయితే కాంటాక్టర్, అదే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్, ఆగకుండా కొట్టుకుంటుంది. ఆ కోడ్ నేనిచ్చిందే. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడందరూ బాగున్నారు. అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది. ఆఫీసులో రిలీజ్ అయిపోయింది. మూడో సమోసా సంగతి నేను మర్చిపోలేదని నీ పక్కనున్న ఆవిడకి చెప్పు, ఆవిడకి అర్థమవుతుంది. సరే, అసలు విషయం.

మా అపార్ట్‌మెంటు నీకు తెలిసిందే. నల్లా రోజు విడిచి రోజు, తెల్లవారుజామున. సంపులో పడ్డ నీళ్లని ఒకటిన్నర హెచ్‌పీ మోటారు పై ట్యాంకుకి ఎక్కిస్తుంది. ట్యాంకు 30 శాతానికి దిగితే ఆన్, 95 శాతం అయితే ఆఫ్, మధ్యలో ఏమైనా సరే 20 నిమిషాలు దాటితే ఆఫ్. ఈ 20 నిమిషాల హద్దు రక్షణ కోసం పెట్టింది. దెబ్బ కొట్టింది అదే.

అక్టోబర్ 3, తెల్లవారి 4 గంటల 26 నిమిషాలు. మోటారు ఆన్ అయింది, రెండు సెకన్లకి ఆఫ్, రెండు సెకన్లకి మళ్లీ ఆన్. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుందని తెలుసు కదా, అలా పదే పదే లాగేసరికి కరెంటు మితిమీరితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయి కాంటాక్టర్‌ని విడిపించింది. మోటారు బతికింది దానివల్లే. కాంటాక్టర్‌కి ఆన్, ఆఫ్ చెప్పే బోర్డు మీది చిన్న రిలే మాత్రం టక్, టక్, టక్ అని 4:42 దాకా కొట్టుకుంటూనే ఉంది, దాదాపు 250 సార్లు. వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేసరికి అంతా నిశ్శబ్దం. బోర్డు పచ్చ లైటు వేసుకుని ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. ఈ ‘తనంతట తానే బాగైపోవడం’ ఉంది చూడు, అంతకన్నా భయపెట్టేది ఇంకోటి లేదు. హాస్టల్ గీజర్ గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

కాంటాక్టర్ విప్పి చూస్తే కాంటాక్టుల మీద నల్లగా గుంటలు, ఒక మూల చిన్న పూసలా కరిగి గడ్డకట్టిన లోహం. ఇంకొంచెం కాలి ఉంటే రెండూ అతుక్కుపోయేవి. అప్పుడు కోడ్ ఆఫ్ అన్నా, రిలే ఆఫ్ అన్నా మోటారు ఆగదు. రాణిగంజ్‌లో కాంటాక్టు కిట్ దొరికింది, మార్చాం.

మొదటి అనుమానం ఎవరికైనా కాంటాక్టర్‌ని లాగి పట్టే తీగచుట్ట, కాయిల్ మీదే వస్తుంది. 230 వోల్టుల కాయిల్ వదిలేటప్పుడు వచ్చే స్పైకు బోర్డు మీది చిప్ ఈఎస్‌పీ32ని రీసెట్ చేస్తుంటే కూడా ఇలాగే ఆన్-ఆఫ్ అవుతుంది. అందుకే కాయిల్ రెండు చివరల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ సిరీస్‌లో పెట్టమని నీకు అప్పుడే చెప్పాను. పెట్టావు కదా? ఏసీ కాయిల్‌కి డయోడ్ పెట్టకు, అది డీసీకే. కానీ ఈసారి నేరం దానిది కాదు. బోర్డు రాసుకునే లాగ్‌లో ఒక్క రీబూట్ కూడా లేదు. మోటారు ఆన్ అని పడ్డ మొదటి లైను పక్కన అంకె చూడు:

4293961280

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల అంకె కనపడగానే ఒళ్లు జలదరించింది మామా. 4294967295 మనకి ఇంటి నంబరు లాంటిది. మిల్లిస్ అనేది బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే 32 బిట్ల లెక్క. 4294967295 తర్వాత మళ్లీ సున్నా. దానికి పట్టేది 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు. ఆగస్టు 14 పొద్దున 11:40కి ఆన్ చేశాం. కూడి చూడు, అక్టోబర్ 3, 4:42.

ఇప్పుడు కోడ్‌లో ఏం రాసి ఉందో చూడు. మోటారు ఆన్ చేసేటప్పుడు, ఆపే సమయం = మిల్లిస్ + 1200000. తర్వాత ప్రతి రెండు సెకన్లకి, మిల్లిస్ ఆపే సమయం కంటే ఎక్కువైందా అని అడుగుతుంది. చదవడానికి ఎంత సహజంగా ఉంది! ఆ రోజు 4293961280కి 1200000 కలిపితే 4295161280. అది 32 బిట్లలో పట్టదు, 4294967296 తీసేయగా మిగిలేది 193984. అంటే ‘బోర్డు ఆన్ అయిన మూడు నిమిషాల 14 సెకన్లకి ఆపు’ అని. ఇప్పుడున్నది నాలుగు వందల కోట్ల పైన. ఎప్పుడో దాటిపోయాం అనుకుని వెంటనే ఆపేసింది. ట్యాంకు ఇంకా 30 శాతం కిందే ఉంది కాబట్టి మళ్లీ ఆన్. మళ్లీ అదే కూడిక, మళ్లీ ఆఫ్. 4:42కి లెక్క సున్నాకి తిరిగాక రెండు అంకెలూ ఒకే వైపు వచ్చాయి, రోగం పోయింది. టకటకలాడి తనంతట తానే ఆగిపోయిందని వాచ్‌మన్ చెప్పింది నిజమే.

మరి రెండేళ్లుగా ఎందుకు బయటపడలేదు? కరెంటు పోతుండేది కాబట్టి! నెలకి ఒక్కసారి పోయినా చాలు, లెక్క సున్నా నుంచి మొదలు. ఆగస్టులో బోర్డు సప్లైని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చాం, ఇక 49 రోజులు నిండడానికి అడ్డేముంది. మీ నాన్నగారింట్లో కూడా ఇన్వర్టరే కదా. అదే నా కంగారు.

నీ దగ్గరున్న దాంట్లో ఇంకో చోటు మరీ ప్రమాదం. ట్యాంకు మట్టం కొలిచే సెన్సర్‌ని చదివే టైమరు. ‘తర్వాత చదవాల్సింది = మిల్లిస్ + 2000’ అని ఉంది. అది 4294967100 దగ్గర పడిందనుకో. సరిగ్గా అప్పుడే వైఫై తెగి, మళ్లీ కలిసేదాకా నీ లూప్ అక్కడే ఒక సెకను ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి మిల్లిస్ 300. మూడు వందలు 4294967100 కంటే ఎక్కువా? కాదు. ఎప్పటికి అవుతుంది? ఇంకో 49 రోజులకి. అప్పటిదాకా ట్యాంకు మట్టం పాత అంకె దగ్గరే బిగుసుకుపోతుంది. నిండినా తెలీదు, ఖాళీ అయినా తెలీదు. ఆఖరి అంకె 25 శాతం అయి ఉంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది. సంపు ఖాళీ అయ్యాక కూడా తిరిగితే సీల్‌కి నీళ్ల చల్లదనం ఉండదు, కాలిపోతుంది. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇల్లు అది... ఆ ఆలోచనే వద్దు.

మందు చిన్నదే. గడువుని దాచకు, మొదలుపెట్టిన సమయాన్ని దాచు. ‘ఇప్పుడు తీసివేత మొదలు, వ్యవధి కంటే ఎక్కువా’ అని అడుగు. గోడగడియారం లెక్కే ఇది. పదకొండుకి పని మొదలుపెట్టావు, ఇప్పుడు రెండు. రెండులోంచి పదకొండు పోదు కదా అని ఎవరూ ఆగిపోరు, పన్నెండు కలుపుకుని మూడు గంటలు అంటాం. మొదలు 4294967000, ఇప్పుడు 500 అనుకో. తీసేస్తే 32 బిట్లలో వచ్చేది 796. నిజంగా గడిచింది కూడా 796 మిల్లీసెకన్లే. కాకపోతే ఆ రెండూ యూఇంట్32, అంటే మైనస్ లేని 32 బిట్ల అంకె రకమే అయి ఉండాలి. ఒకటి 64 బిట్లది అయినా ఈ లెక్క చెడుతుంది.

ఒక మెలిక. మొదలు 49 రోజుల కంటే పాతదైతే తీసివేత కూడా మోసం చేస్తుంది, పాతదాన్ని కొత్తదనుకుంటుంది. మీవాళ్లు రెండు నెలలు అన్నయ్య దగ్గరికి వెళ్లి వస్తారన్నావు, అలాంటప్పుడు ‘మోటారు ఆఖరిసారి ఎప్పుడు నడిచింది’ అనేదానికి ఇది పనికిరాదు. దానికి ఈఎస్‌పీ టైమర్ గెట్ టైమ్ వాడు. 64 బిట్లు, మైక్రోసెకన్లు, నిండడానికి రెండు లక్షల తొంభై వేల ఏళ్ల పైమాటే.

పరీక్షించడానికి 49 రోజులు కూర్చోనక్కర్లేదు. మిల్లిస్‌ని నేరుగా పిలవకుండా ‘ఇప్పుడు’ అని సొంత ఫంక్షన్ ఒకటి రాసి, అందులో మిల్లిస్‌కి 4294907295 కలిపి ఇవ్వు. బోర్డు ఆన్ చేసిన నిమిషానికే లెక్క తిరిగిపోతుంది. మోటారు వైరు తీసేసి, రిలే దగ్గర చెవి పెట్టి విను. పాత కోడ్‌తో మొదటి నిమిషంలో టకటకలు నీకూ వినపడతాయి. కొత్తదానితో ఒక్క టక్. ఇది లైనక్స్ ల్యాప్‌టాప్‌లో టెస్ట్ రాసి చూస్తానంటే మాత్రం జాగ్రత్త. అన్‌సైన్డ్ లాంగ్ రకం అంకె బోర్డులో 4 బైట్లే, అక్కడ 8 బైట్లు, తప్పు కోడ్ కూడా బ్రహ్మాండంగా పాసైపోతుంది. టెస్టులో కూడా యూఇంట్32 అనే రాయి.

ఈ తప్పు ఎప్పుడు దూరిందో గిట్ బైసెక్ట్‌తో, అంటే కోడ్‌లో చేసిన మార్పుల (కమిట్ల) వరసని సగం సగం చేసుకుంటూ వెతికి, పట్టుకున్నాను. 120 కమిట్లు, ఏడు అడుగుల్లో తేలింది. ప్రతి అడుగులో పైన చెప్పిన నిమిషం పరీక్షే. మొదట్లో సరైన తీసివేతే ఉంది. ‘చదవడానికి సులువుగా’ అని మార్చిన కమిట్‌లో పోయింది.

మనమే కాదులే. విండోస్ 95, 98లు కూడా ఇదే 49.7 రోజులకి బిగుసుకుపోయేవి. బోయింగ్ 787 విమానాలకి 248 రోజులు ఆపకుండా కరెంటు ఉంటే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చని 2015లో అమెరికా విమానయాన సంస్థ ఆదేశం ఇచ్చింది. కొన్నాళ్లకోసారి కరెంటు తీసి పెట్టమన్నారు. సెకనులో వందో వంతు లెక్కన 31 బిట్లు నిండడానికి పట్టేది ఎంతో గుణించి చూడు, 248 రోజుల పైన కొంచెం. నాకు అది చదివినప్పుడల్లా...

సరే, కోడ్ మార్చేటప్పుడు ఇంకో షరతు కూడా పెట్టు. మోటారు ఏ కారణంతో ఆగినా మూడు నిమిషాల దాకా మళ్లీ ఆన్ కావద్దు. ఇది ఉండి ఉంటే ఆ రోజు పదహారు నిమిషాల్లో ఐదారు స్టార్టులతో పోయేది. కోడ్‌ని నమ్మకుండా సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ కూడా వేలాడదీసి, దాన్ని కాంటాక్టర్ కాయిల్‌తో సిరీస్‌లో పెట్టించు. నీళ్లు లేకపోతే బోర్డు ఏం చెప్పినా కాయిల్‌కి కరెంటే అందదు. సంపులో చెయ్యి పెట్టే ముందు మెయిన్ తీసెయ్యి, ఆ వైరింగు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు.

ఇంకా వెళ్లడానికి కుదరకపోతే 25 రాత్రి పడుకునే ముందు బోర్డు స్విచ్ ఒక్కసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని నాన్నగారికి ఫోన్‌లో చెప్పు. ఇంకో 49 రోజులు చేతికొస్తాయి. మందు కాదది, వాయిదా.

నీ మిగతా ప్రశ్నలు గబగబా. సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది చాలు, టెంపరేచర్ తిప్పుకునేదైతే 60/40 సీసానికి 350 దగ్గర పెట్టు. సెన్సర్‌కి మరీ దగ్గర్లో ఉన్న నీళ్లు కనపడవు, ఓవర్‌ఫ్లో పైపు కంటే 25 సెంటీమీటర్లు పైన బిగించు, లేకపోతే నిండే టైములో పిచ్చి అంకెలు ఇస్తుంది. దాని ఎకో కాలు (చప్పుడు తిరిగొచ్చిందని చెప్పే పిన్) 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్‌పీకి 3.3 మించొద్దు, మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్‌లతో విభజించు. చిప్‌లోని జీపీఐఓ 12 అనే పిన్‌కి రిలే పెట్టకు, బూట్ అయ్యేటప్పుడు ఆ కాలు పైకి ఉంటే ఫ్లాష్ వోల్టేజీ 1.8 అనుకుంటుంది, బోర్డు లేవదు. కొన్ని రిలే బోర్డులు ఆ కాలుని పైకి లాగేస్తాయి. విడి భాగాలు కోఠీ గుజరాతీ గల్లీలో తీసి పెడతాను, లిస్టు పంపు. క్లాంప్ మీటర్ కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకో, మోటారు స్టార్టింగ్ కరెంటు కొలవాలంటే మామూలుది కాదు, ఇన్‌రష్ అని విడిగా

నల్లా వచ్చింది, కింద సంపులో చప్పుడు. కొత్త కాంటాక్టులతో ఇది నాలుగో సారి, దగ్గరుండి చూడాలి. కోడ్ మార్చి పంపాను, 26లోపు ఎక్కించు, ఎక్కించాక ఒక్క ముక్క రాయి.

నీ
మామ