పై పొర మెత్తదనానికి టెండరులో చోటివ్వండి: జౌళి శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా చేనేత, జౌళి శాఖ మంత్రిగారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కారాలు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా మాట్లాడుకునే ఈ సరిహద్దు ఊళ్లో మా సంఘం ఆడవాళ్లం శానిటరీ ప్యాడ్లు తయారుచేస్తున్నాం. ప్యాడ్‌లో ఒంటికి తగిలే పై పొర గురించే ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి వేసవిలో మేము కొన్న స్పన్‌బాండ్ బట్ట (కరిగించి తీసిన ప్లాస్టిక్ పోగుల్ని నేయకుండా అతికించి చేసేది) రోలు తూకానికి సరిగ్గానే ఉంది, ఎక్కడా చిరుగు లేదు. అయినా ఆ ప్యాడ్లు వాడిన బడిపిల్లలు తొడలు ఒరుసుకుపోయాయని వెనక్కి తెచ్చారు. వాళ్లలో ఒక పిల్ల, తప్పు తనదే అయినట్టు తల దించుకుని నిలబడింది. అమ్మినవారిని అడిగితే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పారే తప్ప, అందులో ఏ పాలిమర్, అంటే ఏ రకం ప్లాస్టిక్, ఎంత కలిపారో చెప్పలేకపోయారు.

మంత్రిగారూ, తూకం చూసి మెత్తదనం చెప్పలేం. స్పన్‌బాండ్ బట్టకు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్‌లో అణువుల గొలుసులు వరుసగా పేరుకుని స్ఫటికాలు కడతాయి కనుక పోగుకు బలం వస్తుంది, ఆ బలంతోపాటే బిరుసూ వస్తుంది. స్ఫటికాలు తక్కువగా కట్టే ప్రొపిలీన్-ఇథిలీన్ కోపాలిమర్‌ను (ఆ రెండూ ఒకే గొలుసులో కలిసిన ప్లాస్టిక్‌ను) అందులో కొంత మేర కలిపి, కరిగించి పోగు తీస్తే అది తేలిగ్గా వంగుతుంది. మోతాదు మించితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, బట్ట బలమూ తగ్గుతుంది. పాలిథిలీన్ చేతికి ఇంకా నునుపుగా తగులుతుంది గానీ, కరిగించినా పాలీప్రొపిలీన్‌తో పూర్తిగా కలిసిపోదు. అందుకే లోపల పాలీప్రొపిలీన్, దాని చుట్టూ పాలిథిలీన్ తొడుగు ఉండేలా ఒకే పోగు తీసే పద్ధతి ఉంది. పోగు సన్నదనం కూడా ముఖ్యమే: అదే పదార్థంతో తీసిన గుండ్రటి పోగు మందం సగానికి తగ్గితే, దాని బిరుసు 16వ వంతుకు పడిపోతుంది. ఈ లెక్క తెలిశాక, గ్రాములు మాత్రమే అడిగే టెండరు కాగితం చూస్తే నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు.

మన రాష్ట్రం 2018లో ఖుషీ పథకంతో బడిపిల్లలకు ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పారాదీప్‌లోని ఇండియన్ ఆయిల్ ప్లాంటుకు ఏడాదికి 6.8 లక్షల టన్నుల పాలీప్రొపిలీన్ తయారుచేసే సామర్థ్యం ఉంది. ముడిసరుకు మన తీరంలోనే ఉన్నప్పుడు, మా సంఘంలాంటివాళ్లు రోలులో ఏముందో తెలియకుండా కొనవలసిన పరిస్థితి ఉండకూడదు.

ఆరోగ్య శాఖతో మాట్లాడి, ప్యాడ్ల కొనుగోలు టెండరులో పై పొరకు బిరుసు పరీక్ష తప్పనిసరి చేయించండి. రోలు అమ్మేవారు పాలిమర్ల పాళ్లు, పోగు మందం చీటీ మీద ముద్రించేలా చూడండి. మెత్తని మిశ్రమానికి ఖర్చు పెరుగుతుందని మాకు తెలుసు. చిన్న సంఘాలకు చిన్న రోళ్లు దొరికే ఏర్పాటు చేస్తే ఆ భారాన్ని మేమూ కొంత మోయగలం.

వెనక్కి వచ్చిన సరుకులోని రోలు ముక్కనూ, తర్వాత మేము వెతికి తెచ్చుకున్న మెత్తని ముక్కనూ ఈ లేఖతో మీ కార్యాలయానికి పంపుతున్నాను. రెండింటినీ మీ ముంజేతి మీద రుద్ది చూడమని మనవి.

ఇట్లు,
పర్లాకిమిడి స్వయం సహాయక సంఘ సభ్యురాలు