యాప్ ఏ తెర దగ్గర ఆగిందో లెక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

పింఛనుకైనా కరెంటు బిల్లుకైనా ఇప్పుడు యాప్ వేసుకోమంటున్నారు. సగంలో మానేసినవారిని చదువురానివారని తోసిపుచ్చడం అన్యాయం. యాప్ చేసేవారు చూసే ‘ఫస్ట్ ఓపెన్’ లెక్క యాప్ తొలిసారి తెరిచాకే మొదలవుతుంది. ఫోన్‌లో చోటు లేకో, గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తులేకో అంతకుముందే ఆగినవారు అందులోకి రారు. ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) 6 ఎంబీ పెరిగితే ఇన్‌స్టాల్ చేసేవారు సుమారు 1 శాతం తగ్గుతారని గూగుల్ ప్లే వాళ్ళే 2017లో చెప్పారు.

అసలు దెబ్బ ఓటీపీ దగ్గర. 2 జీబీ ర్యామ్ ఫోన్‌లో మెసేజ్ చూసి వచ్చేలోగా, ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ ఒక్కోసారి ఆ యాప్‌ను మూసేస్తుంది. తిరిగొస్తే మళ్ళీ మొదటి తెర. పేరు, ఊరు, ఆధార్ అన్నీ ఖాళీ. రెండోసారీ ఇంతే అయితే ఎవరికైనా విసుగే. టైప్ చేసింది తెరతెరకీ దాచి ఉంచితే ఈ బాధ ఉండదు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో భాష ఇంకో చిక్కు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటువైపు తెలుగువారిలో ఒడియా గడగడా మాట్లాడి, చదవలేనివారు ఉన్నారు. రాష్ట్రం ఒడిశా అని నొక్కగానే తెరంతా ఒడియాలోకి మారితే వాళ్ళ పని అక్కడితో సరి. ముందు భాష అడగండి, తర్వాత రాష్ట్రం. తెలుగు ఉన్న యాప్‌లలోనూ ఒక లోపం ఉంటోంది: 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లు బండిల్‌గానే (అన్ని భాషల మాటలూ విడివిడి భాగాలుగా ఉన్న కట్టగానే) ఇవ్వాలి, అందులోంచి మామూలుగా ఫోన్ భాష మాటలే దిగుతాయి. ఫోన్ ఇంగ్లీషులో ఉంటే, లోపల తెలుగు ఎంచుకున్నా ఇంగ్లీషే. భాషలవారీ విభజన ఆపేయాలి. సైజు కొద్దిగా పెరిగినా ఫర్వాలేదు.

కెమెరా, లొకేషన్ లాంటి అనుమతులను అవసరం పడ్డప్పుడే అడగాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే అనుమతిని రెండుసార్లు వద్దంటే అది అడిగే పెట్టె మళ్ళీ రాదు. బటన్ నొక్కుతూనే ఉంటారు, కదలదు.

ఎందుకు మానేశారని ఫోన్ చేసి అడిగితే ‘టైం లేదండీ’ అంటారు. ఆ జవాబుతో ఏ లోపమూ దొరకదు. చివరి తెర ఏది, ఏ ఎర్రర్ వచ్చింది, అక్కడ ఎన్ని సెకన్లు ఉన్నారు అన్నవి రాసుకుంటే చాలు. పేరు, నంబరు అక్కర్లేదు. తర్వాత ఐదుగురి పక్కన కూర్చోండి. వాళ్ళ ఫోనే, వాళ్ళ సిమ్మే, వాళ్ళ డేటానే ఉండాలి. ఆఫీసు వైఫై వద్దు. సాయం చేయకుండా బొటనవేలు ఎక్కడ తటపటాయిస్తోందో గమనించండి. ‘బాబూ, నువ్వే చెయ్యి’ అని దుకాణంవాడి చేతికి ఫోన్, ఓటీపీ ఇచ్చేశారంటే, ఇన్‌స్టాల్ పూర్తయినా సరే, దాన్నీ మానేసినట్టే రాసుకోండి.

— యాప్‌లు పరీక్షించే కొందరం, పర్లాకిమిడి, గజపతి జిల్లా