లాంచిలో సుశీలమ్మ పాటలు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా శ్రావ్యా,

మేమంతా బాగున్నాం. నాయిన బీపీ గోలీలు వేసుకుంటున్నాడు, నేను నీళ్ళ గ్లాసు చేతిలో పెడితేనే. చిన్నోడికి పరీక్షలట, హాస్టల్ నుంచి రాలేదు. పెద్దమ్మ మోకాళ్ళ సంగతి మామూలే.

ఈ కాలంలో ఉత్తరమేందమ్మా అని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే నాయిన పక్కన కూచొని స్పీకర్ పెట్టమంటాడు. నువ్వేమో "ఆ అమ్మా, తిన్నా అమ్మా, మీటింగ్ ఉందమ్మా" అని పెట్టేస్తావు. లాంచి ట్రిప్పు గురించి మొదలుపెడితే ఫోటోలు పంపమన్నావు. పంపితే బొటనవేలు బొమ్మ పెట్టావు. అంత పాటల పండగను బొటనవేలితో సరిపెడితే నాకెట్లుంటది? అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇంకేం కారణం లేదు.

రామగిరిలో మన పాత పాటల వాళ్ళు నీకు తెలుసుగదా. 2025 నవంబర్‌లో గాయని పి.సుశీలమ్మకు 90 ఏళ్ళు నిండాయి. హాలు తీసుకుని దండ వేసి ఉపన్యాసాలు పెడితే ఎవరొస్తారని, సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచిలో పోదాం, దారి పొడుగునా ఆమె పాటలే పాడుకుందాం అన్నారు. రాత్రికి మల్లన్న దగ్గర నిద్ర, మర్నాడు బస్సులో వాపసు. నాయిన రానన్నాడు. స్టీరింగు ఇంకొకరి చేతిలో ఉంటే ఆయనకు కాళ్ళు ఊరికే బ్రేకు తొక్కుతుంటాయి, అదీ నీళ్ళ మీద! "నువ్వు పోయిరా, ఇంట్లో నేనుంటా" అన్నాడు. పోనీలే అనుకున్నా. ఇప్పుడాలోచిస్తే ఆయన రాకపోవడమే మంచిదైంది. ఎందుకో తర్వాత చెప్తా.

సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచి ఎప్పుడంటే అప్పుడు నడవదు బిడ్డా. డ్యాములో నీళ్ళు పైదాకా ఉండాలె. నిండుమట్టం 590 అడుగులు. ఈసారి మంచిగా నిండింది. పొద్దున్నే ఎక్కితే అయిదారు గంటల ప్రయాణం. ఎక్కగానే ఆరెంజ్ రంగు లైఫ్ జాకెట్లు తొడిగించారు. మన మిర్యాలగూడ సరళ వదిన కొత్త గద్వాల చీర కట్టుకొచ్చింది. జాకెట్ కింద ఆ అంచు ఎవరికీ కనబడక, ఫోటో తీసినప్పుడల్లా జాకెట్ విప్పడం, లాంచి వాళ్ళు అరవడం. నేను ఆ నీలం కాటన్‌లోనే పోయినా.

డ్యాము వెనక్కి పోతుంటే అందరూ 26 గేట్లూ లెక్కపెట్టుకున్నారు. నాకు మాత్రం తాత గుర్తొచ్చిండు. 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడు చూడడానికి నడిచిపోయినానని ఎన్నిసార్లు చెప్పేవాడో. అమ్మమ్మ మాత్రం డ్యాము పేరెత్తితే లేచిపోయేది. ఏలేశ్వరం ఊరు ఆ నీళ్ళ అడుగుననే గదా ఉన్నది.

నాగార్జునకొండ పక్కనుంచి పోతున్నప్పుడు సరళ వదిన పల్లీల పొట్లం నా ముందు పెట్టి, "మీ శ్రావ్యను కంపెనీ నుంచి తీసేసిండ్రట గదా వదినా, ఎంత పనాయె" అన్నది. వాళ్ళ పిల్లగాడు బెంగళూరు మారతహళ్ళిలో మీ వెనక వీధిలోనే ఉంటాడట. నువ్వు పట్టపగలు కూరగాయల బండి దగ్గర కనపడుతున్నావట, చాన్నాళ్ళుగా ఆఫీసు క్యాబు రావట్లేదట. నేనెందుకు ఊరుకుంటా? "ఇప్పుడందరూ ఇంట్ల నుంచే పని చేస్తున్నరు వదినా, కూరగాయలు కొనుక్కోవద్దా?" అన్నా. ఆమె పల్లీలు నమిలింది. నేను ఫోన్ తీసినా. అప్పటికి గీతలన్నీ పోయినై. అక్కడ్నుంచి నల్లమల నడుమ సిగ్నల్ ఉండదు బిడ్డా. మళ్ళీ శ్రీశైలం దిగితేనే.

అది సరే, పాటల సంగతి చెప్తా.

పై అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ముందు భాగాన కీబోర్డు, తబలా, రెండు స్పీకర్లు పెట్టారు. పాడడానికి సూర్యాపేట అమ్మాయిని పిలిపించారు. పెండ్లిళ్ళలో బాగానే పాడుతుందట. శృతి తప్పదు, నిజమే. కానీ మాట? "ళ"ని "ల" అంటది, ఒత్తులు మింగేస్తది. సుశీలమ్మ పాటలో ఒక్కో అక్షరం విడివిడిగా వినపడుతది, ఊపిరి ఎక్కడ తీసుకుందో మాత్రం పట్టుకోలేం. పొద్దంతా మిషన్ మీద ఫాల్స్ కుట్టుకుంటూ రేడియో విన్న చెవులు నావి, నన్ను మోసం చేయలేరు. గిన్నిస్ వాళ్ళు 2016లో లెక్కేస్తే ఆమె పాటలు 17,695 తేలినై, ఆరుకు పైగా భాషల్లో. నేపథ్య గాయనికి జాతీయ అవార్డు 1968 సంవత్సరానికి కొత్తగా పెట్టినప్పుడు మొదలు ఇచ్చింది ఆమెకే, అది కూడా తమిళ పాటకు. విజయనగరం పిల్లకు తమిళమెట్లా వచ్చింది? ఏవీఎం వాళ్ళు నెలజీతం మీద పెట్టుకుని, తమిళం నేర్పడానికి మాస్టారును కూడా పెట్టారు. అంత గొంతున్నా కూచొని కొత్త భాష నేర్చుకున్నది. ఇవన్నీ మా సెక్రటరీ మైకులో చదివాడు, సగం తప్పులతో. నేను కింద నుంచి దిద్దుతూనే ఉన్నా. దిద్దుతున్నా గానీ, మనసులో మాత్రం నువ్వు దసరాకు ల్యాప్‌టాప్ లేకుండా వచ్చిన సంగతి మెదిలింది. బతుకమ్మ పేర్చేటప్పుడు కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునే పిల్లవు. "బరువు ఎందుకని తేలేదమ్మా" అన్నావు. అప్పుడు నేనేం అనుకోలేదు.

వైజాగ్ కాలనీ దిక్కు చేపల వాళ్ళు పుట్టి పడవల్లో కనబడ్డారు. పాట విని తెడ్లు ఆపి చేతులూపారు. అక్కడి వాళ్ళు ఎప్పుడో విశాఖ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే గదా, సుశీలమ్మ వాళ్ళకు మనకన్నా దగ్గరి చుట్టం.

అసలు కథ ఆ తర్వాత జరిగింది. జంట పాట నడుస్తున్నది, పల్లవి అయిపోయి వయొలిన్లు వస్తున్నై. స్పీకర్ గుయ్యిమని ఒక్క కూత పెట్టి ఆగింది. కీబోర్డూ ఆగింది. కాలిన వైరు వాసన. కీబోర్డు పిల్లగాడు పెట్టె మూత తీయబోతే లాంచి నడిపే సరంగు కింది నుంచే "ముట్టకు, ముట్టకు!" అని కేకేసిండు. ఇన్వర్టర్ పోయింది. ఆ పిల్లగాడి దగ్గర ట్రాకులన్నీ ఫోన్లో ఉన్నై, కానీ ఆ ఫోన్ మోత డీజిల్ ఇంజన్ ముందు దోమ రొదంత కూడా లేదు. సెక్రటరీ మొహం చూడాలె. "ఇగ శ్రీశైలం దాకా అంత్యాక్షరి ఆడుకుందాం" అన్నాడు. మగవాళ్ళు అప్పుడే పేకముక్కలు తీసిండ్రు.

అప్పుడు హిల్ కాలనీ పెద్దాయన లేచిండు. డ్యాములోనే పనిచేసి రిటైరైనాయన. మనిషి బక్కగా, తెల్ల లుంగీ, మెడలో తువ్వాల. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మెట్లు పట్టుకుని కిందికి దిగి సరంగు దగ్గరికి పోయిండు. ఏం చెప్పిండో మాకు వినపడలేదు గానీ, సరంగు జవాబు వినపడ్డది: "టైముకు లింగాలగట్టు రేవు చేరకుంటే నాకు మాటొస్తది పెద్దాయనా." మళ్ళీ ఏదో మాట్లాడుకున్నరు. కొంచెం సేపటికి ఇంజన్ మోత తగ్గింది. లాంచి మెల్లగా తేలుతున్నది. రెండు దిక్కులా కొండలు దగ్గరికొచ్చినై. పెద్దాయన పైకొచ్చి "ఇప్పుడు పాడండి. మేం రేడియో సిలోన్‌ల వినేటప్పుడు గరగర ఇంతకన్న ఎక్కువుండేది" అన్నాడు. అందులో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు ఎట్లుండేదో అనుకరించి చూపెట్టిండు కూడా! అందరికీ ప్రాణం లేచొచ్చింది. తబలా ఆయన తువ్వాల పరుచుకుని కింద కూచున్నాడు.

సూర్యాపేట అమ్మాయి మాత్రం మైకు లేకుండా పాడనన్నది. "గొంతు పోతది ఆంటీ, రేపు పెండ్లిల పాడాలె" అన్నది. పాపం, దాని బువ్వ దాని గొంతులోనే ఉన్నది, బలవంతం ఎట్లా చేస్తాం. ఇంకేముంది, ఆడవాళ్ళంతా నన్ను ముందుకు తోసిండ్రు. ఏ పాటో రాయను, నీకు తెలుసు. కరెంటు పోయినప్పుడల్లా మనం పాడుకున్నదే. పల్లవి పాడినా. మొదటి చరణం పాడినా. కొండ మీది నుంచి చివరి మాట మళ్ళీ వినపడ్డది, నాకే ఒళ్ళు జలదరించింది. రెండో చరణం ఎత్తుకోబోతే మాట రాలేదు. ఒక్క మాట కూడా రాలేదు. తబలా ఆయన తాళం తిప్పుతూనే ఉన్నాడు, నా వంక చూస్తూ. నిద్రలో లేపి అడిగినా చెప్పే పాట అది. ఆ క్షణంలో నా తలకాయలో ఉన్నదేంటో తెలుసా? నీ ఇంటి కిరాయి. ప్రతి నెలా అయిదో తారీఖున కడతావు గదా, ఈ నెల ఎట్లా కట్టిందో అని.

పెద్దాయన కూచున్న చోటు నుంచే మాట అందించిండు, సన్నగా, శృతిలోనే. అది పట్టుకుని పాట పూర్తిచేసినా. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. సరళ వదిన "జనాన్ని చూసి భయపడ్డవా వదినా" అన్నది. అవునన్నా.

ఆ తర్వాత మగవాళ్ళు కూడా పేక వదిలేసి వంత పాడిండ్రు. పులిహోర తిన్నాం. ఉప్పు తక్కువైంది. లింగాలగట్టులో దిగి ఘాట్ రోడ్డెక్కగానే ఫోన్ మోగుడు మొదలైంది, అన్నీ గుడ్ మార్నింగ్ మెసేజులే. నీకు చేస్తే మోగి మోగి ఆగింది. తర్వాత "మీటింగ్‌లో ఉన్నా" అని మెసేజ్. ఆ రోజు శనివారం బిడ్డా.

గుడిలో నీ పేరు మీద అర్చన చేయించినా. ఉద్యోగం కోసమని కాదు, ఊరికే.

సరళ వదిన మాట నేను నమ్మలేదు. ఆమె ఒకటి వింటే పది చెప్తది, పెద్దమ్మ కోడలి విషయంలో చూడలేదా. కానీ ఒకవేళ నిజమే అనుకుందాం, ఊరికే అనుకుందాం. అయితే ఏమైంది? నాయిన డ్యూటీలో సస్పెండైనప్పుడు మనం బియ్యం మానేసినామా? మిషన్ ఇంకా నడుస్తనే ఉన్నది, సంక్రాంతి జాకెట్లు కుప్పబడి ఉన్నై. చిన్నోడి ఫీజు టెన్షన్ నువ్వు పెట్టుకోవద్దు. ఆ చిట్టీ నేను వచ్చే నెల ఎత్తుకుంటా, కమీషన్ ఎంత పోతే అంత పోనీ. పీఎఫ్ పైసలు మాత్రం తియ్యకు. క్రెడిట్ కార్డు మీద కిరాయి అసలే కట్టకు, ఆ వడ్డీ మనిషిని లేవనియ్యదు. కావాలంటే రూము ఖాళీ చేసి సామాను నాలుగు పెట్టెల్లో కట్టి ఇంటికి రా, ఇక్కడ నుంచి ఇంటర్వ్యూలు ఇచ్చుకోవచ్చు. చిన్నోడి గదిలో నెట్ మంచిగనే వస్తది. కొత్త కోర్సు ఏదన్నా నేర్చుకుంటానంటే నేర్చుకో. చెప్తే ఉపన్యాసమంటావు, ఇంతటితో ఆపుతా. ఇంకొక్కటి. సుశీలమ్మ పేరు మీద ఒక ట్రస్టు ఉన్నది, ఇబ్బందుల్లో ఉన్న సంగీతం వాళ్ళకు నెలనెలా పింఛన్ ఇస్తది. అంటే అంత పాడినవాళ్ళకు కూడా పని లేని రోజులుంటాయనే గదా. మరి నువ్వు సిగ్గుపడేదేముంది? సిగ్గుపడుతున్నావని నేననట్లేదు.

నిమ్మకాయ పచ్చడి సీసాకు రెండు కవర్లు చుట్టినా, అయినా నూనె కారితే బట్టల మీద పెట్టుకోకు. సకినాలు వెంటనే డబ్బాలో పోసుకో, మెత్తబడతాయి. కారప్పొడి కింద ఒక కవర్ ఉన్నది, అందులోవి జాకెట్ల పైసలు, నాయినకు లెక్క చెప్పేవి కావు. రాత్రి పూట నూడుల్స్ మానెయ్. తలకు నూనె పెట్టుకో, ఫోటోలో నుదురు దగ్గర వెంట్రుకలు పలచబడ్డట్టున్నై.

నాయినకు సరళ వదిన మాట చెప్పలేదు. ఆయనకు తెలిస్తే ఆ రాత్రికే బెంగళూరు బస్సెక్కుతాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండింటి నుంచి మూడున్నర దాకా పడుకుంటాడు. ఆ టైములో నేను మిషన్ దగ్గరే ఉంటా, ఫోన్ పక్కనే పెట్టుకుంటా. అప్పుడు చెయ్. వీడియో కాల్ చెయ్, ఉట్టి ఫోన్ కాదు.

మీ అమ్మ