జైశంకర్ గారూ, మీ నాన్నగారి కార్గిల్ కమిటీ లాంటిది ఇంకోటి వేయించండి

విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి నమస్కారం.

మాది హైదరాబాద్, కంచన్‌బాగ్‌కి కూతవేటు దూరం. 2025 మే 7 సాయంత్రం నాలుగింటికి మాక్‌డ్రిల్ సైరన్ మోగినప్పుడు మా వీధి చివర బజ్జీల బండి ఆయన, గరిటె చేత్తో పట్టుకుని, మూకుడు వైపు చూడాలో ఆకాశం వైపు చూడాలో తెలీక అలాగే నిలబడిపోయాడు. బజ్జీలు మాడాయి. ముందటి రాత్రి పన్నెండు దాటాకే ఆపరేషన్ సిందూర్ మొదలైంది, డ్రిల్ పెట్టిన చోట్లలో కంచన్‌బాగ్ డీఆర్‌డీఓ ఒకటి, టెన్షన్ ఉండదా మరి. అలాగని యుద్ధం మాటెత్తితే చెవులు మూసుకునే రకం కాదు నేను. ఆకాశ్ క్షిపణులు చేసే బీడీఎల్ మా పక్కనే అని చుట్టాలకి గొప్పగా చెప్పుకునేవాణ్ణే.

మీరు డిటరెన్స్ అంటారు, మా ఇరానీ కేఫ్‌లో అయితే 'వీడి జోలికెళ్తే వీపు విమానం మోతే' అంటాం. ఉరి సైనిక స్థావరం మీద దాడి తర్వాత 2016లో సర్జికల్ స్ట్రైక్స్, పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయాక 2019లో బాలాకోట్, పహల్గామ్‌లో 26 మందిని చంపాక సిందూర్. ప్రతిసారీ దెబ్బ ఇంకాస్త గట్టిగానే పడింది. మొదటి దెబ్బకే భయం పుట్టి ఉంటే మూడోది ఎందుకు కావాల్సి వచ్చింది? భయం పుట్టబట్టే ఇంకో పది దాడులు ఆగాయేమో, అదీ కావచ్చు. ఏది నిజమో నిఘా ఫైళ్లకే తెలియాలి, వాటిని అడిగి చూసే కమిటీ మన పార్లమెంటులో లేదు. మన విదేశీ నిఘా సంస్థ 'రా' 1968లో పుట్టింది, దానికంటూ పార్లమెంటు చేసిన చట్టం లేదు. సమాచార హక్కు చట్టం కూడా 24వ సెక్షన్‌తో దాన్నీ, దేశం లోపల నిఘా చూసే ఐబీనీ దాదాపు బయటే ఉంచింది. నాకు చెప్పొద్దు, ఫర్వాలేదు. నేను ఓటేసి పంపిన ఎంపీలకైనా, తలుపులేసుకుని, చెప్పాలా వద్దా?

రక్షణ మంత్రికి కాకుండా మీకే ఎందుకంటే, శ్రీలంక సంగతి మీకు తెలుసు. 1988 నుంచి 1990 దాకా అక్కడ మన శాంతి సేనకి రాజకీయ సలహాదారు మీరే. మీరు వెళ్లక ముందు, 1987 అక్టోబరులో, జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లలో దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు 30 మందిలో 29 మంది చనిపోయారు. మన రేడియో మాటలు ముందే విని ఎల్టీటీఈ, అదే తమిళ పులుల సంస్థ, కాచుకుని కూర్చుంది. ఆ సంస్థకి కొన్నేళ్ల ముందు శిక్షణ దొరికింది మన గడ్డ మీదే. 1990 మార్చిలో సేన తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లు లేరు. మా కాలనీలో ఒక రిటైర్డ్ హవల్దార్ గారున్నారు, కార్గిల్ గురించి గంటలు గంటలు చెబుతారు, జాఫ్నా అనగానే టీ గ్లాసు కింద పెట్టి కరెంటు బిల్లు సంగతి ఎత్తుకుంటారు.

కార్గిల్‌ని మాత్రం అలా మాట్లాడకుండా వదిలేయలేదు, అది మీ ఇంటి సంగతే. యుద్ధం ముగిసిన మూడు రోజులకే, 1999 జూలై 29న, వాజ్‌పేయి ప్రభుత్వం మీ నాన్నగారు సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన కమిటీ వేసింది. కొన్ని భాగాలు తీసేసి 2000 ఫిబ్రవరిలో నివేదికను పార్లమెంటులో పెట్టారు. కొంపలేమీ అంటుకోలేదు. సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్‌ఓ లాంటి సంస్థలు పుట్టింది ఆ కసరత్తు తర్వాతే.

పహల్గామ్ మీద కూడా అలాంటి సమీక్ష ఒకటి జరిపి సభ ముందు పెట్టండి. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా ఎంపీలతో ఒక శాశ్వత కమిటీ కూడా పెట్టించండి. అమెరికాలో 1970ల నుంచే ఉన్నాయి, బ్రిటన్ 1994లో చట్టమే చేసింది. కమిటీలున్నా ఆ రెండు దేశాలూ 2003లో లేని ఆయుధాల పేరు చెప్పి ఇరాక్ మీద పడ్డాయి కదా అంటారేమో, నిజమే. కానీ బ్రిటన్ ఆ తప్పుని 2016లో చిల్కాట్ నివేదికలో పూసగుచ్చినట్టు రాసుకుంది. మనం జాఫ్నా గురించి ఏం రాసుకున్నాం?

2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ నిఘా సంస్థల మీద ఒక బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఆయన మీ పార్టీ కాదని తెలుసు. ఆ బిల్లు దుమ్ము దులిపి, పేరు మార్చుకునైనా సరే, మీరే తెండి.

ఇట్లు,
కంచన్‌బాగ్ పక్క నుంచి, సైరన్ విన్న ఒక ఓటరు